మీసం చూసి మనిషిని చెప్పేయకండి

సినిమాలో ఒక పాత్ర నోరు తెరవకముందే ఆ మనిషి గురించి మనకు చాలా సంగతులు తెలిసిపోతాయి. కట్టుకున్న బట్ట, కూర్చున్న చోటు, చేతిలో ఉన్న వస్తువు, గుమ్మం దగ్గర ఆగిన తీరు, పక్కవాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు ఎటు పోతున్నాయన్నది, ఇవన్నీ ఏదో ఒకటి చెప్తూనే ఉంటాయి. ఇలాంటివి పట్టుకుని సీన్లను విడమరిచి చెప్పే వీడియోలు, పోస్టులు ఇప్పుడు తెలుగులో బాగా వస్తున్నాయి. నేనూ వదలకుండా చూస్తాను. సినిమాని ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు పెరగడం నాకు నిజంగా సంతోషం. కానీ వాటిలో చాలావరకు రెండు వేర్వేరు విషయాల్ని ఒకటిగా కలిపేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం. మనిషి ఏ రకమో చెప్పే ముద్ర వేరు, ఆ మనిషి లోపల ఏం జరుగుతోందో చెప్పే ఆనవాలు వేరు. ముద్ర కనపడగానే మనకు అంతా తెలిసిపోయినట్టు ఉంటుంది, ఇంక చూడబుద్ధి కాదు. ఆనవాలు కనపడితే మాత్రం ఆ మనిషిని ఇంకాసేపు చూడాలనిపిస్తుంది.

అనంతపురంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు, ఎందుకంటే దాని దెబ్బ తిన్నది మేమే. చదువుకోసమో ఉద్యోగంకోసమో హైదరాబాద్ పోయిన మా వైపు పిల్లల్ని ఎవర్నైనా అడగండి. అద్దె ఇల్లు చూడటానికి పోతే "ఏ ఊరు బాబూ?" అంటారు. చెప్పగానే మొహంలోకి ఇంకోసారి చూస్తారు. "అక్కడ బాంబులేసుకుంటారంట కదా" అని నవ్వుతూనే అంటారు. ఆ రెండో చూపు వాళ్ళకు సినిమా నేర్పింది. మా జిల్లాల్లో కక్షలు లేవని నేను అనను, ఉన్నాయి, వాటివల్ల నాశనమైన ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇళ్ళలో మనుషులెలా ఉంటారో మాత్రం సినిమా చూపించలేదు.

1999లో సమరసింహారెడ్డి వచ్చింది, 2002లో ఆది, ఇంద్ర వచ్చాయి. బాగా ఆడాయి, వాటి వెనకాల అదే బాటలో ఇంకెన్నో వచ్చాయి. ఆ సినిమాల్లో మనిషిని పరిచయం చేసే పద్ధతి ఒకటే. తెల్లబట్టలు, మెలితిప్పిన మీసం, వరసగా దుమ్ము రేపుకుంటూ సుమోలు, వేటకొడవళ్ళు, ఊరంతటికీ పెద్ద బంగళా. ఇవి కనపడ్డాయంటే మనకు పని అయిపోయినట్టే, ఆ మనిషి ఎవరో తెలిసిపోయింది, ఇంక అతను భయపడతాడా, కూతురి పెళ్ళికి అప్పు చేశాడా, రాత్రి నిద్ర పడుతుందా అనే ప్రశ్నే రాదు. ఊళ్ళకు కూడా అదే గతి పట్టింది. 2003లో ఒక్కడు వచ్చాక కర్నూలు కొండారెడ్డి బురుజు తెర మీద ఫ్యాక్షన్‌కి గుర్తయి కూర్చుంది. 2020లో వచ్చిన సరిలేరు నీకెవ్వరు కోసం ఆ బురుజునే సెట్ వేసుకున్నారు. అసలు బురుజు చూస్తే పాత కోటలో మిగిలిన ముక్క, ఊరి నడిమధ్యన ఉంది. దాని పక్కనుంచి కాలేజీ పిల్లలు, కూరగాయల సంచులు పట్టుకున్న ఆడవాళ్ళు రోజూ నడిచిపోతుంటారు. సినిమాలో బురుజు కనపడగానే థియేటర్లో ఈలలు పడతాయి, నాకూ ఒళ్ళు పులకరిస్తుంది, కాదనను. కానీ దాని ముందు నిలబడ్డ మనిషి గురించి బురుజు మనకు కొత్తగా చెప్పిందేమీ లేదు.

ఇళ్ళ సంగతి ఇంకా అన్యాయం. మా వైపు పల్లెల్లో పాత ఇళ్ళు మట్టిమిద్దెలు. వాన తక్కువ కాబట్టి కప్పు వాలుగా కట్టాల్సిన పని లేదు, దూలాల మీద చౌడుమట్టి వేసి బల్లపరుపుగా కప్పుతారు. కింద నాపబండలు పరుస్తారు. గోడలు మందం, కిటికీలు తక్కువ, అందుకని మిద్దెకు పైన గవాచి, అంటే వెలుగు కోసం కప్పులో వదిలే కంత, ఉంటుంది. పొద్దున పూట ఆ గవాచిలోంచి ఒక వెలుగుముక్క బండల మీద పడి, పొద్దు ఎక్కేకొద్దీ మెల్లగా జరుగుతూ పోతుంది. ఆ వెలుగులో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునే ఆడమనిషి వెలుగు జరిగినప్పుడల్లా తన చేట కూడా కొంచెం జరుపుకుంటుంది. ఇలాంటి ఇంట్లో కెమెరా పెట్టుకునే అవకాశం ఉండి, దాన్ని వదిలేసి పాలరాతి మెట్లున్న బంగళా కడుతున్నారంటే ఏమనాలి? ఒక్క చేట జరిపిన తీరుతో ఆమె ఆ ఇంట్లో ఎన్నేళ్ళనుంచి ఉందో చెప్పేయొచ్చు.

మరి ఆనవాలు ఎలా పుడుతుంది? నా లెక్కలో దానికి ఒకటే పద్ధతి. ముందు ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటాడో సినిమా మనకు చూపించాలి, ఆ తర్వాత ఒక చోట ఆ మామూలు తప్పాలి. మామూలు తెలియకుండా తప్పింది తెలియదు. దీనికి నేను ఎప్పుడూ చెప్పే సినిమా మాయాబజార్. అభిమానం కూడా ఉంది, దాచుకోను, ఎందుకంటే అది తీసిన కె.వి.రెడ్డి 1912లో మా తాడిపత్రిలోనే పుట్టారు.

మా జేజికి, అంటే మా అవ్వకు, చదువు లేదు. మాయాబజార్ టీవీలో వస్తే మాత్రం పనులన్నీ పక్కన పెట్టి కూర్చునేది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారిన తర్వాత సీన్లు వచ్చేసరికి మమ్మల్ని పిలిచేది. "రాండ్రా, సూడండి, ఆ పాప మొగోడి మాదిరి నడుస్తాంది!" ప్రతిసారీ అదే మాట, ప్రతిసారీ అదే ఆనందం. సినిమా విశ్లేషణ అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఆ మాటతోనే. ఆమె చూసిందేమిటి? మొహం అదే సావిత్రిది, నగలు అవే, చీరకట్టు అదే. కథ ఏమిటో తెలియకుండా ఒక్క ఫ్రేము ఆపి చూస్తే అసలు శశిరేఖకీ మాయా శశిరేఖకీ తేడా చెప్పడం కష్టం. కదిలితే మాత్రం తెలిసిపోతుంది. సినిమా మొదట్నుంచీ శశిరేఖ అడుగు ఎంత తేలిగ్గా పడుతుందో, తల ఎలా వంచుతుందో మనం చూసి ఉన్నాం, అందుకే ఆ భుజాలు ఒక్కసారిగా విచ్చుకుని అడుగు బరువెక్కగానే లోపలున్నది ఎవరో పట్టేస్తాం. నలుగురిలో ఉన్నప్పుడు సిగ్గు, ఎవరూ చూడనప్పుడు రాక్షసుడు. అంటే సావిత్రి వేసింది రెండు పాత్రలు కాదు, ఆడపిల్లగా నటించే ఒక మగవాణ్ణి. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కేటప్పుడు పైన మొహం పెళ్ళికూతురిది, కింద పాదం ఘటోత్కచుడిది. "అహ నా పెళ్ళియంట" పాటలో కూడా సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు వచ్చి దూరుతుంది, అప్పుడు చెవికి కూడా అదే ఆనవాలు అందుతుంది. రంగులూ నీడలూ ఏమీ అక్కర్లేకుండా, ఒళ్ళు ఒక్కటి పెట్టుకుని చేసిన పని ఇది.

అదే సినిమాలో ప్రియదర్శిని ఉంది. ఆ పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అది కనపడుతుంది. పైకి చూస్తే ఇది చాలా సులువైన ఉపాయం, మనసులో ఉన్నదాన్ని నేరుగా తెర మీద చూపించేయడమే. శశిరేఖకు అభిమన్యుడు కనపడతాడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ఇంతవరకూ ముద్రలే అనుకోవచ్చు. కృష్ణుడు తెరిస్తే శకుని కనపడతాడు! ఇక్కడ ఆగి ఆలోచించాలి. కృష్ణుడికి శకుని ఎందుకు ప్రియం? కౌరవుల్ని కురుక్షేత్రం దాకా లాక్కుపోయేది ఆ శకుని ఎత్తులే అని ముందే తెలిసినవాడికి అతనికంటే కావాల్సినవాడు ఎవరుంటారు? మిగతావాళ్ళ పెట్టెలో వాళ్ళ కోరిక ఉంది, కృష్ణుడి పెట్టెలో మాత్రం ఆయన వేసుకున్న లెక్క ఉంది. ఒకే వస్తువు, ముగ్గురి దగ్గర ఒక పని చేసి, నాలుగో మనిషి దగ్గరికి రాగానే ఇంకో పని చేసింది. అంతవరకూ నవ్వుతూ తిరిగిన ఆ కృష్ణుడు ఎంత ముందుచూపు ఉన్నవాడో ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోయింది.

ఇక బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల వైపు. 1951లో ఆయన తీసిన మల్లీశ్వరిలో పల్లకిని చూడండి. వాన పడుతున్న రాత్రి సత్రంలో మల్లి నాట్యం చేస్తుంది. మారువేషంలో వచ్చిన కృష్ణదేవరాయలు, ఆయనతో ఉన్న పెద్దన చూసి మెచ్చుకుంటారు. ఎదురుగా ఉన్నది రాజని తెలియని మల్లి బావ నాగరాజు, మా మల్లికి రాణివాసపు పల్లకి పంపించమని రాయలకు చెప్పమంటూ వేళాకోళంగా అంటాడు. ఆ మాట నిజమవుతుంది, పల్లకి వస్తుంది. వస్తువు ఏమీ మారలేదు, మాట అన్నప్పుడు ముచ్చటగా ఉన్న పల్లకి ఇంటి ముందుకు వచ్చి దిగేసరికి చెరసాల అయిపోయింది. మల్లి తల్లికి అది అదృష్టం, మల్లికి అది బావను దూరం చేసే బండి. పల్లకి అంటే ఫలానా అర్థం అని ఏ నిఘంటువులోనూ ఉండదు, ఆ కథలో ఆ మనుషుల మధ్య అది తిరిగిన దారిని బట్టే దానికి అర్థం వచ్చింది. వీడియోల్లో "ఈ వస్తువు దీనికి సింబల్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటే నాకు ఈ పల్లకే గుర్తొస్తుంది. ఏ సీన్లో, ఎవరికి సింబల్ అని తిరిగి అడగాలనిపిస్తుంది.

ఫ్యాక్షన్ నేపథ్యంలోనే ఈ పని చక్కగా చేసిన సినిమా 2010లో వచ్చిన మర్యాద రామన్న. దాని మూలం 1923లో బస్టర్ కీటన్ చేసిన అవర్ హాస్పిటాలిటీ అనే మూకీ అని అందరికీ తెలిసిందే. ఇంటికొచ్చిన అతిథిని ఇంట్లో ఉన్నంతసేపూ చంపకూడదు, గడప దాటాక చంపొచ్చు అనే నియమం అమెరికా దక్షిణాది పగల కథలోంచి మన సీమకు వచ్చింది. కానీ వచ్చాక అది మన గడప అయిపోయింది. పసుపు రాసి బొట్లు పెట్టే గడప, దాని మీద కూర్చుంటే పెద్దవాళ్ళు తిట్టే గడప, చెప్పులు బయటే ఆగిపోయే గడప. నియమం ఏమిటో తెలిసిన క్షణం నుంచి మనం మొహాలు చూడటం తగ్గించి పాదాలు చూడటం మొదలుపెడతాం, అతిథిగా వచ్చిన హీరో సునీల్ గుమ్మం వైపు రెండడుగులు వేస్తే చాలు మనకు టెన్షన్. ఇందులో ఆ ఇంటి పెద్ద రామినీడు పాత్రే నాకు ముఖ్యం. నాగినీడు గారు ఆ పాత్రను ఎంత నిదానంగా చేశారో చూడండి, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నది తను చంపాలనుకున్నవాడు, అయినా మర్యాదలో లోపం రానివ్వడు. ఆ మర్యాద నటన కాదు, అతను నిజంగానే అంత మర్యాదస్తుడు. అదే నిజాయితీతో చంపాలనీ చూస్తాడు. పగ, మర్యాద రెండూ ఒకే మనిషిలో ఒకదాన్నొకటి కాదనకుండా ఉండటం మా వైపు ముసలివాళ్ళలో నేను చూశాను. మాటల్లేని రెండు కుటుంబాల్లో ఒకరింట్లో చావు జరిగితే రెండోవాళ్ళు వచ్చి దూరంగా నిలబడి పోయేవాళ్ళు. మీసం, సుమో చెప్పలేని సంగతిని ఆ గడప ఒక్కటీ చెప్పేసింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "నువ్వు చూసేది నీ మనసులో ఉన్నదే, తెర మీద లేదు" అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు, సినిమా పుట్టిన తొలిరోజుల్లోనే దీనికి రుజువు దొరికింది. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు మొజుహిన్ అనే నటుడి మొహాన్ని, అదే ముక్కని, ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటికలో ఉన్న పాప పక్కన, ఒకసారి సోఫా మీద వాలిన ఆడమనిషి పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్ళు ఆ మొహంలో ఆకలి, దుఃఖం, కోరిక కనపడ్డాయన్నారు. మొహం మారలేదు, పక్కనున్నది మారింది. అంటే మనం పాత్ర మొహంలో చదివేదాంట్లో సగం ఎడిటింగ్ టేబుల్ మీదే తయారవుతుంది.

దీన్నిబట్టి చదవడం మానేయాలంటే నేను ఒప్పుకోను. కులెషోవ్ నాకు నేర్పింది వేరే, ఒక్క షాటుని ఎప్పుడూ సాక్ష్యంగా తీసుకోకు అన్నది. ఫోన్లో సినిమా ఆపి, ఒక ఫ్రేముకు ఎర్రగీత చుట్టి, "ఇక్కడ వెనకాల గోడ ఎరుపు, కాబట్టి ఇతను హంతకుడు" అనేవాళ్ళతో నా పేచీ ఇదే. ఎరుపు అంటే నెత్తురేనా? మా అనంతపురంలో ఎండాకాలం ఏ చేను ముందు కెమెరా పెట్టినా ఫ్రేము సగం ఎరుపే, నేలే ఎర్రనేల. ధర్మవరం పట్టుచీర ఎరుపు పెళ్ళికి. ఎరుపు ఆనవాలు కావాలంటే ఆ సినిమాలో అంతకుముందు ఎరుపు ఎక్కడెక్కడ, ఎవరి దగ్గర కనపడిందో చూపించండి, ఎక్కడ అది రావాల్సి ఉండి రాలేదో చూపించండి, అప్పుడు వింటాను. అలాగే "డైరెక్టర్ ఇదంతా అనుకునే తీశాడా?" అనే ప్రశ్న. అనుకోకపోయినా నాకు ఇబ్బంది లేదు. తెర మీద ఉంది, మళ్ళీ మళ్ళీ ఉంది, కథలో మిగతా వాటితో పొసుగుతోంది, అంటే అది సినిమాలో ఉన్నట్టే. పొసగకపోతే సాక్షాత్తూ డైరెక్టరే వచ్చి ఇంటర్వ్యూలో చెప్పినా లేనట్టే.

నన్ను ఎప్పుడూ వదలని సీను మాత్రం సాగరసంగమంలోది. 1983, విశ్వనాథ్ గారు. మాధవి భర్త చనిపోయాడు, ఆ సంగతి ఆమెను ప్రేమించిన డాన్సర్ బాలుకి తెలియదు, తెలియనివ్వకూడదని ఆమె బొట్టు పెట్టుకుని వస్తుంది. తాగిన మత్తులో బావి గట్టు మీద ఆడుతున్న బాలు, జోరున వాన. ఆ వానలో ఆమె బొట్టు చెరిగిపోతుందేమోనని అతను చెయ్యి అడ్డం పెడతాడు. ఈ ఒక్క చెయ్యిలో ఎన్ని సంగతులున్నాయో లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. ఆ బొట్టు అబద్ధమని మనకు తెలుసు, ఆమెకు తెలుసు, అతనికి తెలియదు. ఒకప్పుడు ఆమెను భర్తతో కలిపి తను పక్కకు తప్పుకున్నది ఈ బాలునే, తన జీవితాన్ని పోగొట్టుకుని నిలబెట్టిన కాపురం అది, ఇప్పుడు ఒంటి మీద స్పృహ లేని స్థితిలో కూడా దాన్నే కాపాడుతున్నాడు. ప్రాణం మీద తీపి లేదు గానీ ఆ బొట్టు మీద ఉంది. ఆమె వైపు నుంచి చూస్తే ఇంకా బరువు. లేని మాంగల్యాన్ని ఇతను కాపాడుతుంటే ఆమె కాదనలేదు, నిజం చెప్పలేదు, ఆ చెయ్యి కింద అలా నిలబడాలి. తెలుగువాళ్ళకు బొట్టు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, అది ముద్రే. ఆ ముద్రనే పట్టుకుని ఇద్దరి లోపలి సంగతులకూ ఆనవాలు చేశారు. ఆనవాలు ఒక్క మనిషి గురించే చెప్తుందని అనుకుంటాం గానీ, ఎవరికి ఏది తెలుసు, ఎవరికి తెలియదు అన్నది తోడైతే ఇద్దరి గురించి ఒకేసారి చెప్తుంది.

అందుకే నేను రెండోసారి సినిమా చూసేటప్పుడు మాట్లాడేవాళ్ళను చూడను, వినేవాళ్ళను చూస్తాను. మాట్లాడేవాడికి డైలాగు ఉంది, అతని పని అది చేసిపెడుతుంది. వినేవాడి చేతులు ఏం చేస్తున్నాయి, తువ్వాలు సర్దుకున్నాడా, గ్లాసు కింద పెట్టాడా, కూర్చున్నచోటి నుంచి కొంచెం జరిగాడా అన్నది చూస్తే పాత్ర దొరుకుతుంది. ఒక్కోసారి సౌండు పూర్తిగా తీసేసి చూస్తాను. మంచి సినిమా అయితే ఎవరు ఎవరికి లొంగి ఉన్నారో మాటలు లేకుండానే తెలుస్తుంది.

ప్రొద్దుటూరు మిత్రుడు ఒకాయనతో నాకు అరవింద సమేత మీద ఇప్పటికీ తెగని వాదన ఉంది. 2018లో వచ్చిన ఆ సినిమాలో బసిరెడ్డి గొంతు మీద గాయం. "ఇది కూడా మీసం లాంటిదే కదన్నా, విలన్ అని చెప్పడానికి ఒక మచ్చ" అంటాడు ఆయన. నేను ఒప్పుకోను. మీసం అతను పెంచుకున్నది, గాయం కథలో ఒకడు పెట్టింది. ఆ దెబ్బ తర్వాత అతనికి ప్రతి మాటా కష్టంగా బయటికొస్తుంది, అలాంటి గొంతుతో కూడా అతను పగ గురించే మాట్లాడతాడు, సంధి గురించి కాదు. మాట ఖరీదు ఇంత పెరిగాక కూడా ఆ మాట దేనికి ఖర్చు పెడుతున్నాడన్నదే అతని స్వభావం. జగపతిబాబు ఆ గొంతుతో చేసింది అదే. నా మిత్రుడికి ఇది నచ్చలేదు, మరి హీరో ఇంటి జేజి పాత్రకు అంత జాగా ఎందుకివ్వలేదు, పగలో బతికిన ఆడవాళ్ళ చేతులు ఎందుకు చూపించలేదు అంటాడు. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు, ఆయన చెప్పింది సబబే.

సినిమావాళ్ళు షూటింగులకు గండికోటకు వస్తున్నారు, యాగంటికి వస్తున్నారు, బెలుం గుహల్లోకి కెమెరాలు తెస్తున్నారు, రానీ. నాకు కావాల్సింది ఇంకొకటి. వేరుశనగ పోయిన ఏడు ఊరు వదిలి బెంగళూరు పోయే మనిషి అనంతపురం బస్టాండులో నిలబడి ఉంటాడు, సంచీ ఎవరి చేతికిస్తాడు, పిల్లకి బిస్కెట్ ప్యాకెట్ కొనడానికి ఎన్నిసార్లు జేబు తడుముకుంటాడు, బస్సు ఎక్కేటప్పుడు ముసలితల్లి వైపు చూస్తాడా చూడడా. ఇంత చూపించి, అతనికి ఒక్క డైలాగు కూడా రాయకపోయినా ఆ మనిషి ఎవరో నాకు తెలుస్తుంది. అలా తీసిన సీమ సినిమా ఇప్పటికే వచ్చి ఉంటే పేరు చెప్పండి, ఈ ఆదివారమే చూస్తాను.